అమ్మ అందుకునే చోటు

పాటలు రాస్తానని ఊరంతా చెప్పుకుంటాను గాని, అమ్మ నాట్లలో పాడిన ఒక్క చరణం నా దగ్గర లేదు. ఆమె పోయాక ఆ లోటు మరీ పీడించింది. ఆమెతో పక్కపక్కన వంగి పాడినవాళ్లలో మా చిన్నమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెనడిగి రికార్డు చేసుకుందామని మొన్న వానాకాలం నాట్లప్పుడు కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను.

కిటికీ పక్క సీటు దొరికితే చాలు, నాకు ఏదో ఒక పల్లవి తట్టేది. ఈసారి చిరాకు తప్ప ఏమీ తట్టలేదు. పట్నం దాటగానే వరి మడులుండే చోట ప్లాట్ల హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు. తర్వాత పొలాలొచ్చాయి. ఒకచోట నాటు మిషన్, ఇంకోచోట వంగి నాటేస్తున్న బీహార్ మగవాళ్లు. పొట్టకూటికొచ్చినవాళ్లను ఏమీ అనను. కానీ అంత దూరంలో ఒక్క ఆడగొంతు పాట వినబడకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది.

చిన్నమ్మ మంచం మీద కూర్చుంది. నేను ఫోన్ ముందు పెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"గిట్ల కూసుంటే పాట యాడికెళ్లి వస్తది? చేతిల నారు ఉండాలె."

"పెద్ద గాయకురాలివి. మైకు గూడ తెమ్మంటవా?"

"మైకు నీకు గావాలె. నాకు నారు గావాలె."

సరే పదమన్నాను. ఇంటి వెనక మడిలో బీహారువాళ్లు నాటేస్తున్నారు. "భయ్యా, ఒక కట్ట దేదో" అని చిన్నమ్మ చెయ్యి చాపితే వాళ్ల మేస్త్రి నవ్వి ఇచ్చాడు. ఆమె చీర ఎగదోపుకుని బురదలో దిగింది. వేళ్లు కదిలాయో లేదో, గొంతు లేచింది.

"తూర్పున లేసిన మబ్బు యాడికి పోతదే అక్కా..."

అక్కడ ఆగింది. మర్చిపోయిందేమో అనుకున్నాను. నాలుగు మొక్కలు నాటి మళ్లీ అదే పాడి, మళ్లీ ఆగింది.

"తర్వాత ఏంది చిన్నమ్మా?"

"తర్వాతది మీ అమ్మది. నేను అడుగుతుంటి, ఆమె చెప్తుండె. ఒకనాడు చెప్పింది ఇంకోనాడు చెప్పకపోయేది. అప్పటికప్పుడే కడుతుండె."

"ఒక్కటన్న యాదికి లేదా?"

ఆమె చేతిలో నారు అట్లాగే ఉంది. "నవ్వింది యాదికున్నది బిడ్డా. ఏమన్నదో యాదికి లేదు."

ఇద్దరికీ కళ్లు నిండాయి. ఆమె ముక్కు చీదుకుని, "నువ్వు పాటలు రాస్తవంట గద. అందుకో" అని మూడోసారి ఎత్తుకుంది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చిన్నమ్మ మిగిలిన నారంతా నాటేసి గట్టెక్కింది.

తిరుగు బస్సులో చిన్నమ్మ పాడిన ఆ మబ్బు ప్రశ్ననే పల్లవిగా రాసుకున్నాను. చరణాలు ఎన్నో రాశాను, కొన్ని బాగానే వచ్చాయి కూడా. అన్నీ కొట్టేశాను. ఏం రాసినా అది నా జవాబే అవుతోంది, అమ్మది కావడం లేదు.