సీపీయూలో కుంకుమ

పది రోజుల నుంచి మా ఇంటర్నెట్ షాపులో సిస్టం నా ప్రాణం తీస్తాండాది. అప్లికేషన్ సగం కొట్టేసరికి ఆగిపోతాది. మళ్లా ఆన్ చేస్తే ఒకసారి లేస్తాది, ఒకసారి లేయదు. ప్లగ్ మార్చినా, విండోస్ మళ్లా వేసినా, ఏమీ మారలేదు.

ఈ పొద్దు ఉరవకొండ నుంచి మెకానిక్ బాషాను పిలిపించినా. డబ్బా విప్పి, సెల్లు లైటు వేసి చూసి, నా దిక్కు తిరిగినాడు.

"ఏమన్నా, నువ్వు చర్చికి పోయేటోనివి కదా. ఫ్యాను నిండా ఇంత కుంకుమ యాడిదన్నా?"

"ఓబులేసుదిలేప్పా," అన్నా.

ఓబులేసు నా పార్ట్‌నర్. పన్నెండేండ్లు ఇద్దరం కలిసి ఈ షాపు నడిపినాం. ప్రతి ఆయుధపూజకూ సీపీయూకు బొట్టు పెట్టి, సరిగ్గా గాలి పోయే జాలీ మీదే గుప్పెడు కుంకుమ చల్లేవాడు. "మిషన్‌కు పూజేందిరా" అని నేను ప్రతి ఏడూ గొణిగేవాణ్ని. పోయిన ఎండాకాలం గుండెపోటొచ్చి పోయినాడు.

బాషా బ్లోయర్ పెట్టి కొట్టినాడు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లా పెట్టినాడు. లేచిన కుంకుమ పోయి పక్కనున్న ఓబులేసు కుర్చీ మీద పడింది. అప్పట్నుంచి సిస్టం ఒక్కసారి కూడా ఆగలేదు. షాపు మూసేటప్పుడు అంతా ఊడ్చినా గానీ, ఆ కుర్చీ తుడవబుద్ధి కాలేదు.

దసరా దగ్గరికొస్తాండాది. ఈసారి బొట్టు నేనే పెట్టాల. ఫ్యానుకు తగలకుండా యాడ పెట్టాలో తెలిసినోళ్లు చెప్పండి.