గోలీలు చూపెట్టి పో

మా డాక్టరమ్మ పోయిందని పోయిన వారం పొద్దున ఫోన్ల చూసిన. నమ్మలే. ఎవరో పెట్టింది ఇంకెవరో పంపిన్రు. ఆమె అయితే ఊరుకునేదా? "ఎవరు చెప్పిన్రు? కండ్లతోటి చూసినోళ్లెవరు?" అని అడిగేది. నేనూ అదే అడిగిన. ఆమె పక్కింటామె ఏడ్చుకుంట చెప్పినంకనే నమ్మి, మోకరించి ప్రార్థన చేసుకున్న.

దేవరకొండల మా గల్లీకి రెండు గల్లీల అవతల ఆమె దవాఖాన. ముందొక వరండా, లోపల ఒక గది. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. మందుల షాపాయన మీద, రోగి మీద, రోగి ఎంబడి వచ్చినోళ్ల మీద, ఆఖరికి తన చేతిరాత మీద గూడ. రాసిన చీటీని మళ్లొకసారి చదివిగాని చేతికిచ్చేది కాదు. మందులు కొన్నంక సీదా ఇంటికి పోనిచ్చేది కాదు. "గోలీలు చూపెట్టి పో" అనేది. అట్టను కిటికీ వెలుతురుకు పట్టి, పేరు చూసి, తారీఖు చూసి, అప్పుడు పొమ్మనేది. అనుమానపు డాక్టరమ్మ అని గల్లీల నవ్వుకునేటోళ్లు.

మా తమ్ముని సంగతి జరిగినంక మా ఇంట్ల ఎవరూ నవ్వలే. ఇది రాయమన్నది వాడే. "రాయక్కా. నా పేరు పెట్టకు. నా అసొంటోళ్లు చదవని" అన్నడు.

వాడు మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల పని చేస్తడు. షుగరున్నది. నాలుగేండ్ల కింద మా కొత్త ఇంటి ప్రార్థనకని భార్యతోటి వచ్చిండు. తెల్లారి షామియానా తాళ్లు కట్టుకుంట కట్టుకుంట ఛాతీ పట్టుకొని కూలబడ్డడు. ఒళ్లంత చెమట. ఆటోల ఏసుకొని డాక్టరమ్మ దగ్గరికి ఉరికినం.

మా దిక్కు ఒక అలవాటుంది. కూర గిన్నె లెక్క గోలీ గూడ ఈ ఇంట్లకెల్లి ఆ ఇంట్లకు పోతది. ఒకరికి తగ్గిందంటే అందరికీ అదే. మా చిన్నాయనకు గుండె జబ్బు. నాలుక కింద పెట్టుకునే గోలీ ఎప్పుడూ అంగి జేబుల ఉంటది. ఆయన ఎనుకనే ఉరికొచ్చి, గోలీ తీసి, "నోరు తెరువు బిడ్డా" అన్నడు.

డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఆగు. గా గోలీ ఎవరిది?"

"నాదే డాక్టరమ్మా. మొన్న నాకు పాణం నిలబెట్టింది."

"నీకు నిలబెట్టింది. గీయనకు తీస్తదేమో, నీకెర్కనా?"

చిన్నాయన మొఖం చిన్నబోయింది. ఆమె ఎవరి మొఖం చూడలే. "అందరు బైటికి నడువుండ్రి. భార్య గూడ" అని తలుపు గొళ్లెం పెట్టింది.

నాకు అనుమానమొచ్చింది. మనిషి పాణం మీదికొస్తే గింత దాపరికమేంది? ఏం చేస్తాంది లోపల? మా అమ్మ తలుపు కొట్టబోతాంది. నేను గట్టిగ ప్రార్థన మొదలుపెట్టిన. తలుపు సందు తెరుచుకున్నది.

"ప్రార్థన ఆపకమ్మా. జర గొంతు తగ్గియ్యి. వీని జవాబు నాకు వినపడాలె."

లోపల ఏం జరిగిందో తమ్ముడే తర్వాత చెప్పిండు. గుండె పరీక్ష తీసుకుంటనే అడిగిందట.

"ఏం మందులు వాడుతున్నవ్?"

"షుగర్ గోలీ, గంతే."

"ఇంక?"

"ఏం లేదు."

"జేబులల్ల ఉన్నయి తీయి."

కాయిదం పొట్లం ఒకటి బైటపడ్డది. దాని మీద మందు పేరు లేదు, చేసినోని పేరు లేదు.

"గది మందు గాదు డాక్టరమ్మా. చెట్లమందు. ఆకుల పొడి."

"దేనికి?"

వాడు గోడ దిక్కు చూసిండట.

"నా ముందట సిగ్గుపడితే నడుస్తది కొడకా. నీ గుండె ముందట నడువది. సంసారానికేనా?"

తల ఊపిండట.

"ఎప్పుడు మింగినవ్?"

"రాత్రి."

"ఎంతసేపట్ల పనిచేసింది?"

"గంట గూడ పట్టలే."

"ఆకు గంటల గింత పని చేస్తదా? గిసొంటి పొట్లాలల్ల అదే పనికి వాడే ఇంగ్లిష్ గోలీ దంచి కలుపుతరు. దీంట్ల ఉన్నదో లేదో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే, ఉన్నట్టే లెక్క."

ఆ గోలీ ఒంట్ల ఉండంగ చిన్నాయన గోలీ పడితే బీపీ ఒక్కసారి కింద పడిపోతదట, మనిషి లేవకపోవచ్చట. ఆమె వేరే మందిచ్చి, అంబులెన్సుల నల్లగొండకు పంపింది. పొట్లం వాని ఎంబడే పంపింది. అక్కడి డాక్టరుకు ఫోన్ చేసి అదే మాట చెప్పి, తిరిగి ఆయనతోటి చెప్పించుకున్నది. "విన్న అంటే సరిపోదు, ఏం విన్నవో చెప్పు" అన్నది. వాడు బతికిండు.

కొన్ని నెలలకు భార్యాభర్తలిద్దరిని కూసోబెట్టి మాట్లాడింది. "గిది మొగతనం ముచ్చట గాదు, నెత్తురు నాళాల ముచ్చట. షుగరు అక్కడ ముందుగాల చెప్పింది, నువ్వు వినలే" అన్నది. సంసారానికి గోలీ వాడుడు తప్పని అనలే. గుండె డాక్టరు సరే అన్నంకనే, చిన్నాయన అసొంటి గుండె నొప్పి గోలీలు వాడుతలేడని చూసినంకనే, తక్కువ మోతాదుల రాసింది. ఇంకొకరి గోలీ మింగొద్దు. పనిచెయ్యలేదని ఇంకొకటి ఏసుకోవద్దు. బీపీకి గాని, మూత్రానికి గాని కొత్త మందు ఎవరు రాసినా గీ గోలీ సంగతి చెప్పాలె. ఛాతీ నొప్పి వస్తే, కండ్లు మసకబారితే, నాలుగు గంటలైనా బిగువు దిగకపోతే సిగ్గు ఇంట్ల ఇడిసిపెట్టి దవాఖానకు పోవాలె. ఛాతీ నొప్పైతే మొదటి మాటనే ఏం మింగిందీ, ఎప్పుడు మింగిందీ చెప్పాలె. ఈ గోలీలల్ల ఒక రకం ఒక్క దినంల పోతది, ఇంకొకటి రెండు దినాలు ఒంట్ల కూసుంటది.

"నీకు యాది లేకుంటె?" అని మరదలి దిక్కు తిరిగింది. "ఈమెకు యాదుంటది. అందుకే కూసోబెట్టిన."

నన్నొకసారి అడిగింది. "నీ దేవుడు గూడ నన్ను నమ్మమంటడా?"

"మిమ్మల్ని నమ్మిన గదా డాక్టరమ్మా."

"నమ్మకు. అడుగు" అన్నది.

ఆమె పాడె ఎనుక ఊళ్లె మొగోళ్లు చానమంది నడిచిన్రు. ఒక్కొక్కడు ఆ గొళ్లెం ఎనుక ఆమెకు ఏం చెప్పుకున్నడో ఎవరికీ తెల్వదు. ఆమె ఎవరికీ చెప్పలే. తలలు వంచుకొని నడుస్తున్నరు.

మట్టి అయినంక వస్తుంటె తమ్ముడు దవాఖాన ముందట ఆగిండు. తాళం ఏసున్నది. అయినా చెప్పులు ఇడిసి వరండా ఎక్కిండు. పొద్దున షాపుల కొన్న గోలీల అట్ట ఇంక జేబులనే ఉన్నది. తీసిండు. పేరు చూసిండు, తారీఖు చూసిండు. కిటికీ అద్దానికి దగ్గరగ, లోపలికి కనపడేటట్టు, ఒక్క గడియ పట్టుకొని నిలబడ్డడు.