ఇంకాస్త బాబాయి

ఎలక్ట్రానిక్ చిప్పుల ఫ్యాక్టరీలో ఫర్నేసు చూసుకునే ఆయన్ని అందరూ ‘ఇంకాస్త బాబాయి’ అంటారు. దాని తలుపు తీద్దామని ఎవరొచ్చినా, గాజు కిటికీ మీంచి కళ్ళు తిప్పకుండా “ఇంకాస్త ఆగండి” అనడం ఆయన అలవాటు. వాల్వు తిప్పే ముందు అరచేతులు కోటుకి తుడుచుకుంటారు, తిప్పాక మరోసారి తడిమి చూసుకుంటారు. అలాంటి మనిషి ఆ పొద్దున, సరుకు పంపాలంటూ మేనేజరు నెత్తిమీద కూర్చుంటే, చల్లార్చేటప్పుడు హైడ్రోజన్ కట్టేయడం మరిచిపోయారు. నీలిరంగు దీపాలకు వాడే పలుచని బిళ్ళలవి. చల్లారుతూ హైడ్రోజన్‌ని పీల్చుకున్నాయంటే ఇక కరెంటును పోనివ్వవు.

“మామయ్యా, మీటరు సూది కదలట్లేదు,” అంది పక్క బల్ల దగ్గర బిళ్ళల్ని పరీక్షించే కోడలు, గొంతు తగ్గించి. బాబాయి వెనక్కి తిరిగి చూస్తే హైడ్రోజన్ వాల్వు ఇంకా తెరిచే ఉంది. నైట్రోజన్‌లో మళ్ళీ కాల్చి, దూరిన హైడ్రోజన్‌ని వెళ్ళగొట్టడం తప్ప వేరే దారి లేదు. తక్కువ కాలిస్తే అది పోదు, ఎక్కువైతే బిళ్ళలే పాడవుతాయి. ఫర్నేసు ఎర్రబడింది. “చాలు, తీసెయ్యండి,” అన్నాడు గుమ్మంలోంచి మేనేజరు. అందరూ బాబాయి వైపు చూశారు. ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. కోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. కిటికీ మీంచి కళ్ళు తిప్పకుండా, “ఇంకాస్త ఆగండి,” అంది.

చివరికి సూది లేచినప్పుడు బాబాయి దాన్ని చూడనేలేదు. తన చేతిమీద కోడలి వేళ్ళు పడ్డ గుర్తుల్నే తడుముకుంటూ కూర్చున్నారు.