మత్స్యగెడ్డ అవతలి నేస్తం

మా అమ్మాయి మగపిల్లవాణ్ణి కన్న మూడోనాడు నా నేస్తం పోయాడని కబురు వచ్చింది. ఆ రోజు సంత. కబురు తెచ్చిన మనిషి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, దుకాణం మెట్టు ఎక్కకుండా దూరంగా నిలబడ్డాడు. అలా నిలబడితే ఏమిటో ఈ కొండల్లో వేరే చెప్పక్కర్లేదు.

"మీ నేస్తం ఎలిపోనాడు బాబూ. అంబలి తాగి తొంగున్నాడు, మరి లెగనేదు" అన్నాడు.

మనవడు పుట్టిన సంబరానికి ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా బెల్లం పంచుతున్నాను. చేతిలో ఉన్న ముక్క ఏం చేయాలో తోచక అతని చేతిలోనే పెట్టాను. అతను కళ్లకద్దుకుని తిన్నాడు. పురిటి ఇల్లు, గెడ్డ దాటకూడదు అన్నారు మావాళ్లు. దాటాను. నేను వెళ్లేసరికే మట్టి చేసేశారు.

నాది వీధిబడి చదువు. ఇంత సంతోషాన్నీ ఇంత దుఃఖాన్నీ వేరు చేసి రాయడం నాకు చేతకాదు. రెండూ కలిసే వచ్చాయి, కలిపే రాస్తాను.

మైదానం నుంచి వచ్చి పెదబయలు సంతలో ఉప్పూ బట్టలూ అమ్ముకునేవాణ్ణి నేను. అతను మత్స్యగెడ్డ అనే ఏటికి అవతలి ఒడ్డున సామలూ పసుపూ పండించే కొండరైతు. ఇవతలి ఒడ్డు ఒక జమీందారుది, అవతలి ఒడ్డు జయపురం రాజుగారిది. గెడ్డే హద్దు. ఆ హద్దు సంగతి మాకెప్పుడూ గుర్తుకు వచ్చేది కాదు, సంతరోజున అందరూ అవే దోనెల్లో దాటేవారు. కొనేముందు అతను ఒక ఉప్పుకల్లు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. "ఈపాలి సముద్రం బాగున్నాది" అనేవాడు. సముద్రం అతను ఎన్నడూ చూడలేదు.

ఒక ఏడాది మా ఇద్దరికీ నేస్తం కట్టారు. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. అమ్మవారి ఎదుట పసుపునీళ్లు చల్లి, గుడ్డలు మార్చుకుంటే ఇద్దరూ నేస్తాలవుతారు. ఒకరి పిల్లలు ఇంకొకరికి పిల్లలే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. చచ్చేదాకా నేస్తమనే పిలవాలి. పసుపునీళ్లు చల్లేముందు అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పేరు ఓపాలి అనీ. మరింక అన్నేవు."

అన్నాను. అతను నా పేరు అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అదే ఆఖరు. ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు, రాయడమూ పలకడమే కదా.

కొండల్లో సర్కారు మీద పితూరి లేచిన ఏడు, సామ కొత్తల పండుగకు మా అమ్మాయిని నేస్తం భార్య అవతలి ఒడ్డుకు తీసుకువెళ్లింది. అప్పటికి దానికి పెళ్లి కాలేదు. మళ్లీ సంతకు తెచ్చేస్తానంది. ఆ సంత లోపలే పటాలం దిగింది. పితూరివాళ్లు గెడ్డ దాటి జయపురం అడవుల్లోకి పోతారని, గెడ్డ పొడుగునా సిపాయిలను నిలబెట్టారు. ఒడ్డున కనిపించిన దోనెనల్లా గొడ్డళ్లతో చీల్చేశారు. నీళ్లలో మనిషి కనిపిస్తే కాల్చమని ఉత్తరువు. పాతిక బారల గెడ్డ ఒక్క పొద్దులో కోటగోడైపోయింది.

నేను రోజూ ఠాణాకు వెళ్లి దండం పెట్టేవాణ్ణి. హవల్దారు ఎక్కడివాడో, మన మాట రాదు. మా మైదానపు కానిస్టేబు ఒకడు మాట మార్చి చెప్పేవాడు. "నీ కూతురు గుంట అక్కడ సుకంగానే ఉంటాది. నువ్వు దాటితే అది నీ కర్మకాండకి రావాల" అనేవాడు. మా ఆవిడ అన్నం మానేసింది.

వానలు వెనకపట్టి గెడ్డలో వరద తీసింది. ఒకనాడు పొద్దున్నే అవతలి ఒడ్డున తుడుం మోగింది. కొమ్ము ఊదారు. ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. అత్తవారింటికి ఆడపిల్లను అంపేటప్పుడు చేసే మేళం అది. సిపాయిలు తుపాకులు ఎత్తారు.

నేస్తం నడుముదాకా నీళ్లలోకి దిగి, అడుగునున్న రాళ్లు ఒక్కొక్కటే తీసి విసిరాడు. దోనె పైకి తేలింది. ఎండకు మాను పగలకుండా దోనెలను రాళ్లు వేసి ముంచి ఉంచడం వాళ్ల అలవాటు, అందుకే అది పటాలం కంట పడలేదు. నీళ్లు తోడి, మా అమ్మాయిని కొత్త చీరతో మధ్యన కూచోబెట్టి, తాను నిలబడి గెడ వేసుకుంటూ పట్టపగలు వచ్చాడు.

"పితూరోళ్లు తుడుం కొట్టుకుని వత్తారేటండీ" అని కానిస్టేబు హవల్దారుకు అతని మాటలో చెప్పాడు. తుపాకులు దిగలేదు గాని పేలలేదు.

దోనె ఆగగానే నేస్తాన్ని పట్టుకుని రెక్కలు విరిచి కట్టారు. గూఢచారి అన్నారు. పక్కకు తీసుకుపోయి పేరడిగితే తన పేరు చెప్పుకున్నాడట. తరవాత నన్ను పిలిచి కానిస్టేబు చేత అడిగించారు.

"ఈడు నీకు తెలుసునా?"

"తెలుసు బాబూ. నా నేస్తం."

"పేరేటి?"

"నేస్తం."

"అది కాదయ్యా. అమ్మా బాబూ ఎట్టిన పేరు సెప్పు. ఆడు సెప్పిందీ నువ్వు సెప్పిందీ ఒకటైతే వదిలేత్తారు. నేకపోతే మన్యం దింపి జైలుకి అంపేత్తారు."

పేరు గొంతులో ఉంది. అది పైకి వస్తే అతను బతుకుతాడు, నేస్తం పోతుంది. నేను నోరు తెరిచాను. కట్లతో నేల మీద కూచున్న మనిషి తల అడ్డంగా ఊపాడు.

"అనకు నేస్తం. జైల్లో కూడా అంబలి పోత్తారు గదా" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి ముందుకు వచ్చి, గట్టిగా, అతని తండ్రి పేరుతో సహా ఆ పేరు చెప్పింది. పేరు ఆంక్ష మా ఇద్దరికే, దానికి లేదు. కానిస్టేబు నవ్వేశాడు. "ముసిలోళ్లిద్దరికీ కలిపి ఈ గుంటకున్న బుర్ర నేదు" అన్నాడు. కట్లు విప్పారు. దోనె మాత్రం మా కళ్లముందే చీల్చారు. ఒక పెద్దమాను, ఒక వేసంగి అంతా పట్టిన చెక్కుడు.

ఎలా వెళతావు నేస్తం అని ఏడ్చాను. అతను దోనెలోంచి ముందే తీసి పెట్టుకున్న ఎండు ఆనపకాయ బుర్రలు రెండు, ఈతలో తేలడానికి, నడుముకు కట్టుకుంటున్నాడు. దోనె తిరిగి రాదని తెలిసే బయలుదేరాడన్నమాట.

"మాను మొలుత్తాది నేస్తం. గుంట మొలవదు" అని నీళ్లలోకి దిగాడు. ఈదమన్నట్టు హవల్దారే చెయ్యి ఊపాడు.

ఇంటికి వచ్చాక అమ్మాయి ఇంకో మాట చెప్పింది. సంత ఆగాక అవతల ఉప్పు అయిపోయిందట. మిగిలిన పిడికెడూ దాని అంబలిలోనే వేసి, వాళ్లు చప్పిడి తాగారట. "ఉప్పు కొట్టోడి గుంట, అలవాటు తప్పితే బెంగెట్టుకుంటాది" అన్నాడట నేస్తం. పటాలం వెళ్లిపోయిన తరవాత మొదటి సంతకు నేను బస్తా ఉప్పు పంపితే, ఒక కల్లు నాలుక మీద వేసుకుని, సముద్రం బాగుందని కబురు పెట్టాడు.

ఆ గుంటే ఇప్పుడు తల్లయింది. దేవుడు నాకు ఇంకేం ఇవ్వాలి చెప్పండి. బారసాలనాడు, పిల్లవాడికి నేస్తం పేరే పెడతానని పట్టుపట్టింది. అల్లుడివారు ముఖాలు చూసుకున్నారు. అల్లుడు మాత్రం "ఆ దోనె రాకపోతే నాకు పెళ్లామే లేదు" అని బియ్యంలో తానే రాశాడు. ఆ పేరు నేను పలకలేను. నా మనవణ్ణి కూడా నేస్తమనే పిలుస్తున్నాను. పలుకుతున్నాడు, ఊ అంటున్నాడు.

పురుడు వెళ్లాక గెడ్డకు పసుపు కుంకుమ ఇవ్వడానికి తల్లీబిడ్డలను తీసుకువెళ్లాను. అవతలి రేవులో నేస్తం భార్య వంగి కుండ తోముతోంది. ఆమె కూడా ఆ పేరు ఎన్నడూ పలికిన మనిషి కాదు. ఇవతలి ఒడ్డున తల్లి ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. మా అమ్మాయి వాడిని లేపుతూ పేరు పెట్టి గట్టిగా పిలిచింది.

అవతలి ఒడ్డున ఆమె తల ఎత్తింది. చేతిలోని కుండ నీళ్లలోకి జారి, మెల్లగా తిరుగుతూ, మా ఒడ్డువైపు రాసాగింది.