మంచి పేరు పెట్టుకున్న ఫైలు

అచ్యుతాపురం నుంచి వచ్చే కంపెనీ బస్సు దిగి ఇంటికి చేరేసరికి నాలో మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. ఫ్యాక్టరీ స్టోర్సులో నా పని పొద్దస్తమానం కంప్యూటర్ ముందే. ఇంటికొచ్చి మళ్లీ ఆ తెర చూడాలంటే కళ్లు మొరాయించేవి. అందుకే ముందు గదిలోని మా పాత కంప్యూటర్‌ని ఎక్కువగా వాడింది మా మావయ్యే.

అత్తయ్య పోయాక ఆయన కె. కోటపాడు దగ్గరి చెరకు పొలం కౌలుకిచ్చి అనకాపల్లిలో మా దగ్గరికి వచ్చేశారు. చేతికి పని లేక మొదట్లో చాలా అవస్థ పడ్డారు. మా అమ్మాయి మౌస్ పట్టడం నేర్పాక కాస్త కుదుటపడ్డారు. హరికథలు వినేవారు, చెరకుకి పట్టే ఎర్రకుళ్లు తెగులు మీద వీడియోలు చూసేవారు. పొలమైతే కౌలుకిచ్చారు గానీ దాని దిగులు ఎవరికీ ఇవ్వలేదు.

వానాకాలంలో ఆ కంప్యూటర్‌కి ఏదో పట్టుకుంది. ముందు తెర మూలన చిన్న చిన్న ప్రకటనలు వచ్చేవి. మీకు బహుమతి వచ్చిందనీ, మీ సిస్టం పాడైందనీ. తర్వాత వాటి స్థానంలో ఒంటి మీద బట్టలు సరిగా లేని ఆడవాళ్ల బొమ్మలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం తెరవగానే తెర నిండా అలాంటి బొమ్మే వచ్చింది. పక్కనే ఉన్న మా ఆయన గభాలున స్విచ్ కట్టేసి, వాళ్ల నాన్న వైపు తిరిగారు.

"ఏటి నాన్నా ఇది? రోజంతా ఏటి సూత్తన్నావు దీన్లో?"

మావయ్యకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడిపోయింది.

"నానేటీ సెయ్యనేదురా. దానంతట అదే వచ్చేత్తంది. మూసేత్తే మళ్లీ వత్తంది."

"ఎవరూ నొక్కకుండా ఎలా వత్తాది? ఇంట్లో ఎదిగే పిల్ల ఉంది!"

"మావయ్యనెందుకంటారు? వైరస్ అయ్యుంటుంది" అన్నాను.

"నువ్వూరుకో" అన్నారు మా ఆయన. అమ్మాయి పుస్తకాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఎవరి కంచం వాళ్లు తీసుకుని తిన్నాం.

మర్నాడు నేను బస్సుకి బయల్దేరుతుంటే మావయ్య సంచీ సర్దుకుంటున్నారు. "పొలం సూసొత్తానమ్మా" అన్నారు. సాయంత్రం వచ్చి చూస్తే ఆయన మడతమంచం గోడకి ఆనించి ఉంది.

మా బస్సులోనే ఆఫీసు సిస్టములు చూసే అతను వస్తాడు. మర్నాడు అతని పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. "పేరు సూసి నమ్మీకండి మేడమ్" అన్నాడు. "ఈ వైరస్‌లన్నీ సిస్టం ఫైళ్ల పేర్లే పెట్టుకుంటాయి. అది ఏ ఫోల్డర్‌లో కాపరం ఉందో సూడండి. అసలైంది విండోస్ ఫోల్డర్‌లోనే ఉంటాది."

ఆదివారం వంట ముగించి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బట్టలు నానబెట్టి ఉన్నాయి, నడుము లాగేస్తోంది. లోపల నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే, విండోస్ సొంత ఫైలైన ఎస్‌వీసీ హోస్ట్ పేరుతోనే బోలెడన్ని వరసలు. అసలుదాన్ని తీసేస్తే సిస్టం మళ్లీ లేస్తుందో లేదో. ఒక్కొక్కదాని మీదా రైట్ క్లిక్ చేసి, ఆ ఫైలు ఎక్కడుందో చూస్తూ పోయాను. అన్నీ విండోస్ ఫోల్డర్ లోపలే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మా ఆయన పేరున్న ఫోల్డర్‌లో, ఎవరూ చూడని లోపలి గదిలో తలదాచుకుని ఉంది. అదే పేరు, ఒక్క అక్షరం తేడా లేదు. దాని వివరాలు తెరిస్తే, తయారుచేసిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

ఆపితే మళ్లీ లేచింది. తీసెయ్యబోతే వాడకంలో ఉందని మొండికేసింది. అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో కంప్యూటర్ తెరిచి తీసేశాను. హమ్మయ్య అనుకుని మళ్లీ మామూలుగా ఆన్ చేస్తే, అదే చోట అదే ఫైలు! కుర్చీలోంచి లేవకుండా అలాగే కళ్లు మూసుకున్నాను. తర్వాత బస్సులో వచ్చే అతనికి ఫోన్ చేస్తే, టాస్క్ షెడ్యూలర్ చూడమన్నాడు. అందులో సిస్టం అప్‌డేట్ అనే పెద్దమనిషి పేరుతో ఒక పని నమోదై ఉంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఆ ఫైలుని మళ్లీ దింపడమే దాని పని. ముందు దాన్ని తీసి, తర్వాత ఫైలు తీసి, బ్రౌజర్‌లో తగులుకున్న ఎక్స్‌టెన్షన్ కూడా తొలగించి, సిస్టం అంతా స్కాన్ పెట్టాను. ఆ తర్వాత ఏ బొమ్మా రాలేదు.

తీసే ముందే ఆ పని మొదట నమోదైన తేదీ చూసి పెట్టుకున్నాను. ఆ రోజు మావయ్య ఇక్కడ లేరు, వాళ్ల ఊళ్లో పెళ్లికి వెళ్లారు. అదే తేదీన డౌన్‌లోడ్స్‌లో పీడీఎఫ్‌లు కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దిగి ఉంది.

మా ఆయన్ని పిలిచి చూపించాను.

"అది నేనే దింపేను" అన్నారు. "నువ్వు నాన్నకి ఫోన్ చేసి చెప్పు."

"అన్నది మీరు. మీరే చెయ్యండి."

చేశారు. "వైరస్ అంట నాన్నా. నావల్లే వచ్చింది. పోయిందిలే. వచ్చీ" అన్నారు. క్షమించమనే మాట ఆయన నోట రాలేదు. అవతలి నుంచి ఏమన్నారో, ఫోన్ నా చేతికిచ్చారు.

"పిల్లకి సెప్పేవా అమ్మా, నాను కాదని?" అన్నారు మావయ్య.

"చెప్పాను మావయ్యా. అది మొదట్నించీ నమ్మలేదు" అన్నాను. మొదటి మాట నిజం కాదు, అప్పటికింకా చెప్పలేదు. ఫోన్ పెట్టేసి ముందు ఆ పనే చేశాను.

మావయ్య తిరిగొచ్చారు గానీ కంప్యూటర్ జోలికి పోలేదు. హరికథ వినాలనిపిస్తే మనవరాలిని పెట్టమని, తను దూరంగా కూర్చునేవారు. కొన్నాళ్లు చూసి, మా ఆయన ఒక సాయంత్రం రెండో కుర్చీ లాక్కొచ్చి ఆయన పక్కన వేసుకున్నారు. హరికథ తనే పెట్టారు. నేను ఆఫీసు చీరైనా మార్చుకోకుండా లోపల మంచం మీద వాలాను. మొన్నటి వానకి పొలంలో నిలిచిన నీళ్లు ఎటు తీయాలో మావయ్య కొడుక్కి చెబుతున్నారు. వింటూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.