రంజాన్ నెలలో నేను తగ్గించిన నడుము

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇప్పుడైతే గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు టేపు రెండుసార్లు వేసి, చాలక ఇంకోసారి వేసి, అప్పటికీ అనుమానం తీరక ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చుంటాను. కువైట్‌కి వచ్చిన కొత్తలో అలా కాదు. రిగ్గైలో నేను చేరిన లేడీస్ టైలరింగ్ షాపు గుమ్మంలో ఆడమనిషి అడుగు పెడితే చాలు, భుజం ఎంత, నడుము ఎంత, ఏ వంపుకి ఏ డార్టు ఎక్కడ పడాలి అన్నది కళ్లతోనే చదివేసేదాన్ని (అని నేననుకునేదాన్ని). అమలాపురంలో ఫ్యాషన్ డిజైనింగ్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, చీరల మడతల్లో పెట్టుకుని మరీ విమానం ఎక్కిన మనిషిని. ఇక్కడ దాన్ని చూపించమని ఒక్కరూ అడగలేదు. ఫ్రేము అద్దం దారిలోనే పగిలింది. అది దేవుడు చేసిన మొదటి హెచ్చరిక అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పట్లో దేవుడికి కూడా ప్యాటర్న్ మేకింగ్ సరిగ్గా రాదనే నా అభిప్రాయం.

షాపులో కత్తిరించే పనంతా నరసాపురం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన చేతిలో ఉండేది. మేం ఆయన్ని కత్తెర మాస్టారు అనేవాళ్లం. ఆడవాళ్ల కొలతలు మగవాళ్లు తీయకూడదు కాబట్టి ఆయన కర్టెన్‌కి ఇవతల బల్ల దగ్గరే ఉండేవారు. నేను లోపలికి వెళ్లి టేపు వేసి చెప్పేదాన్ని. నన్ను తెచ్చుకున్నది అందుకే. అయితే నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. షాపు యజమాని, అంటే మా కఫీల్, ఈద్ వెళ్లాక తేలుస్తానన్నాడు. పని నచ్చితే ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి పర్మిట్టు, కొట్టిస్తాడు, నచ్చకపోతే తిరుగు టిక్కెట్టు. ఊళ్లో నన్ను సాగనంపడానికి మా వీధి వీధంతా కదిలి వచ్చింది. నాలుగు రోజులకే పెట్టె పట్టుకుని దిగితే ఆ వీధిలో తలెత్తుకుని ఎలా నడవాలో నాకు తెలియదు. అందుకని ఏదో ఒకటి గొప్పగా చేసి చూపించాలని చేతులు ఒకటే దురద పెడుతుండేవి.

అలాంటి సమయంలో, రంజాన్ ఇంకో వారం ఉందనగా, ఎగైలా నుంచి ఒక మేడమ్ వచ్చింది. వెంట వాళ్లింట్లో పనిచేసే రాయచోటి అక్క. (ఈ అక్కకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఒక శుక్రవారం కూరగాయల కొట్లో పరిచయమై, నా గొప్పలన్నీ ఓపిగ్గా విని, పాపం నమ్మి, "మన తెలుగు పిల్లే మామా, బంగారట్లా కుడతాది" అని వాళ్ల మేడమ్‌ని తీసుకొచ్చిన పుణ్యాత్మురాలు. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇంటావిడని మామా అంటారు.) మేడమ్ ముదురాకుపచ్చ క్రేపు గుడ్డ బల్ల మీద పరిచి, ఫోన్‌లో బొమ్మ చూపించింది. మెడ నుంచి మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుపోయి, కింద చేపతోకలా విచ్చుకునే డ్రెస్సు. ఈద్ నాటి మధ్యాహ్నం అత్తగారింట్లో అందరూ కలిసే భోజనానికట. తోడికోడళ్లంతా వస్తారట. "ఫిట్టింగ్, ఫిట్టింగ్" అంటూ రెండు చేతులతో గాల్లో తన నడుము వంపు గీసి చూపించింది.

కొలతలు తీశాను. అంతవరకూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అవి రాసుకుంటున్నప్పుడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఈ కొలతలు ఇవాళ్టివి. డ్రెస్సు వేసుకునేది నెల దాటాక. మధ్యలో నెల్లాళ్లు ఉపవాసం! పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా! "అక్కా, మేడమ్ నెలంతా ఉంటారా?" అని మెల్లగా అడిగాను. "ఒక్కపొద్దు ఉంటాది పాపా. చిన్నప్పట్నించి ఒక్క దినం గూడా ఇడ్సల్యా అంట" అంది అక్క. నా మనసు కరిగిపోయింది. ఏకాదశి ఒక్కరోజు ఉపవాసం ఉంటేనే సాయంత్రానికి నా చుడీదారు నాడా జారిపోయేది. నెలకి మనిషి ఎంత చిక్కిపోవాలి! ఇప్పటి కొలతకి కుడితే ఈద్ నాటికి ఆ డ్రెస్సు దిష్టిబొమ్మకి తొడిగినట్టు వేలాడదూ? తోడికోడళ్లు నవ్వరూ? ఆ నవ్వు మా కఫీల్ దాకా రాదూ? (మా దొడ్డమ్మ కార్తీకమాసమంతా పగలు ఉపవాసం ఉండి, నక్షత్రాన్ని చూశాక పలహారాలకి కూర్చునేది. మాసం వెళ్లాక ఆవిడ జాకెట్లన్నీ వదులు చేసింది నేనే. ఆ ముక్క సరిగ్గా అప్పుడే గుర్తుకు రాకపోవడాన్ని ఖర్మ అంటారు.)

బల్ల నిండా పని ఉండటంతో మాస్టారు ఆ డ్రెస్సు కత్తిరించడం నాకే వదిలేశారు. ఖాకీ కాగితం పరిచి ప్యాటర్న్ గీశాను. ఒంటికి పట్టే డ్రెస్సులో కిటుకంతా ముక్కల్లోనే ఉంటుంది. ముందు భాగం మూడు ముక్కలు, వెనక నాలుగు. భుజం నుంచి గుండెల మీదుగా నడుము దాకా వంపు తిరిగి దిగే కుట్లే డార్టుల పని చేసిపెడతాయి. జిప్పు పడే కుట్టు పక్కన పెడితే నిలువునా ఆరు కుట్లు. తగ్గించేదంతా ఒక్కచోటే తగ్గిస్తే వంపు చెడుతుందని కోర్సులో చెప్పారు. అందుకని నేను మహా తెలివిగా ప్రతి కుట్టు దగ్గరా అటొక చిటికెడు, ఇటొక చిటికెడు లోపలికి జరిపాను. చిటికెడే కదా! ఆరు కుట్లకీ రెండేసి వైపులు, అన్నీ కలిసేసరికి నడుములో రెండంగుళాల పైనే ఎగిరిపోయింది. ఆ గీతల వంపులు చూసుకుని మురిసిపోయాను. "కొలతలు సరిచూసేవా అమ్మాయ్?" అన్నారు మాస్టారు, ఈద్ గిరాకీలో తల ఎత్తకుండానే. "చూసేనండి. అన్నీ ఆలోచించే గీసేనండి" అన్నాను. నేను ఆలోచించానంటే భయపడాలని ఆయనకి అప్పటికింకా తెలియదు.

నెల మధ్యలో ఒకసారి మేడమ్ వచ్చి వేసి చూసుకోవాలి. రాలేదు. ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. "యాడ పాపా, మామా పగలంతా మంచం దిగల్యా. పొద్దుగూకినాంక ఇల్లంతా చుట్టాలు. వండీ వండీ నా ఒళ్లు హూనమైతాంది" అంది. మంచం దిగడం లేదట! ఎంత నీరసించిపోయిందో చూశారా అని నా అంచనాని నేనే మెచ్చుకున్నాను. రంజాన్ రాత్రుళ్లు ఒకరింటికొకరు వెళ్లి గబ్గా అని విందులు చేసుకుంటారనీ, తెల్లవారుజామున మళ్లీ తిని, పగలు కాస్త ఎక్కువ పడుకుంటారనీ నాకెవరు చెప్పాలి? నిజానికి అక్క చెప్పనే చెప్పింది. నేనే వినలేదు. డ్రెస్సు పూర్తిచేసి, ఇస్త్రీ చేసి, కవరు తొడిగి పంపించాను.

ఉపవాసాల చివరి రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. "పాపా, బిన్నా రా. జిప్పు సగం కాణ్ణే నిలబడిపాయ. మామా ఏడుస్తాంది. వదులు చేయించేకి షాపుకు ఫోన్ చేస్తానంటే నేనే ఆపినా" అంది అక్క గొంతు తగ్గించి. "చిక్కిపోలేదా అక్కా?" అన్నాను. "ఎవురు?" అంది అక్క.

మాస్టారితో "చిన్న సర్దుబాటండి" అని గొణిగి, టేపు, కత్తెర, దారాలు సంచీలో వేసుకుని టాక్సీ ఎక్కాను. వాళ్లింట్లో పాత మిషను ఒకటి ఉందని అక్క చెప్పడం ఒక్కటే నాకున్న ధైర్యం. ఎగైలా దాకా దారి పొడుగునా నా కళ్లకి తిరుగు టిక్కెట్టే కనిపించింది.

మేడమ్ మంచం అంచున కూర్చుని ఉంది. డ్రెస్సు ఒంటి మీదే ఉంది, వీపు మీద జిప్పు సగంలో ఆగిపోయి. కళ్లు ఉబ్బాయి. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తను ఏనుగులా అయిపోయిందనీ, మొగుడు చెబుతూనే ఉన్నాడనీ, రేపు అత్తగారింటికి వెళ్లేది లేదనీ, ఈద్ ఖలాస్ అనీ ఏకరువు పెట్టింది. ఆవిడ అరబ్బీని అక్క తెలుగులో చెబుతుంటే నేను టేపు వేశాను. మేడమ్ పెరిగిన మాట నిజమే, ఒక అంగుళం. మిగతా రెండంగుళాల పైచిలుకూ నాదే. కానీ కుట్టిన పిల్ల మీద ఆవిడకి అనుమానమే రాలేదు. నిందంతా తన ఒంటి మీదే వేసుకుంది. నేను నోరు మూసుకుంటే చాలు, ఇఖామా చేతికి వచ్చినట్టే.

మూసుకుందామనే అనుకున్నాను. కానీ ఆవిడ అద్దంలో తన పొట్ట చూసుకుని మళ్లీ ఏడుపు మొదలుపెట్టేసరికి నా వల్ల కాలేదు. "అక్కా, మేడమ్‌తో చెప్పు. డ్రెస్సు నేనే చిన్నగా కుట్టేను. ఉపవాసాలకి సన్నబడతారని ముందే తగ్గించి కత్తిరించేను" అన్నాను. అక్క కళ్లు పెద్దవి చేసింది. "నోరు మూసుకో పాపా. పని పోతాది. నేను చెప్పను గాక చెప్పను" అంది. నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. గత్యంతరం లేక సైగలు మొదలుపెట్టాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఉపవాసం అన్నాను. బుగ్గలు లోపలికి పీల్చి, పొట్ట వీపుకి అంటించి, గోడ పట్టుకుని నీరసంగా నడిచి, "మామా, రంజాన్" అన్నాను. ఆ తర్వాత రెండు వేళ్లతో కత్తెర ఆడించి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. నేనే, అని.

"శినూ?" అంది మేడమ్, ఏమిటన్నట్టు. అక్క తల పట్టుకుని, ఇక తప్పదని రెండు ముక్కల్లో చెప్పేసింది. మేడమ్ నా వంక చూసింది, అక్క వంక చూసింది. "రంజాన్‌లో? కువైట్‌లో? సన్నబడటం?" అంది ఒక్కో మాటా విడదీసి. అప్పుడు మొదలైంది నవ్వు. సగం దాకా ఎక్కిన జిప్పు కూడా ఆ నవ్వుకి సర్రున కిందికి జారిపోయింది. మంచం మీద వెనక్కి పడి నవ్వింది, లేచి నవ్వింది, ఫోన్ తీసి చెల్లెలికి చెప్పి నవ్వింది, ఏ తోడికోడళ్లకైతే భయపడిందో వాళ్లకీ చెప్పి నవ్వింది. నేను మెడలో టేపుతో, ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాను.

నవ్వు సరే, డ్రెస్సు మాటేమిటి? ఇక్కడ మళ్లీ మా దొడ్డమ్మని తలుచుకోవాలి. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల బోలెడంత గుడ్డ వదిలేది ఆవిడ. "మనిషి పెరుగుద్ది గానీ గుడ్డ పెరగదే" అనేది. ఒంటికి పట్టే డ్రెస్సుల్లో అలా వదలకూడదు, ఎక్కువ గుడ్డ కత్తిరించి పారెయ్యాలని కోర్సులోనూ చెప్పారు, మాస్టారూ చెప్పారు. నేను అందరికీ సరేనండి అన్నాను గానీ, చెయ్యి మాత్రం దొడ్డమ్మ మాటే వింది. తిరగేసి చూస్తే ఆరు కుట్ల వెంటా గుడ్డ పదిలంగా ఉంది. ఒక్కో కుట్టే విప్పి, కాజేసిన చిటికెడు తిరిగి ఇచ్చి, పైన ఇంకాస్త కలిపి, వంపు చెడకుండా మళ్లీ గీసి కుట్టాను. శాటిన్ అయ్యుంటే పాత సూది చిల్లులు వరసగా కనిపించి నన్ను పట్టించేవి. క్రేపు కాబట్టి ఆవిరి ఇస్త్రీ తగలగానే అన్నీ పూడిపోయాయి. అక్క పక్కన కూర్చుని దారం పోగులు ఏరుతూ, "నువ్వు బతికిపోయినావు గానీ నా పానం పోయినంత పనాయ పాపా" అంటూనే ఉంది.

పొద్దు గుంకి మసీదు బాంగు వినిపించగానే మేడమ్ నన్ను మిషను మీంచి లేపి భోజనాల దగ్గర కూర్చోబెట్టింది. ఖర్జూరాలు, హలీంలాంటి హరీసు, మాంసం కూరిన సంబూసాలు, పాకంలో దొర్లే లుకైమాత్ ఉండలు. నా మెడలోంచి టేపు లాగి, ఆ వంటకాల వరసకి ఈ చివర నుంచి ఆ చివరికి పట్టి, "ఇప్పుడు రాసుకో కొలత" అంది. పిల్లలు కూడా పడి పడి నవ్వారు. పగలంతా నీళ్లు ముట్టని ఆ మనిషి, గిన్నెలోంచి మొదటి ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. తిన్నాక డ్రెస్సు తొడిగి జిప్పు లాగితే, ఎక్కడా ఆగకుండా మెడ దాకా వెళ్లిపోయింది.

నేను బయల్దేరుతుంటే మేడమ్ పక్క గదిలో మా కఫీల్‌తో ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. రంజాన్ అన్న మాట, మళ్లీ నవ్వు. నా పని అయిపోయిందనుకున్నాను. అక్క విని వచ్చింది. "ఈ పిల్లను పంపించొద్దు, దీనికి అబద్ధం చెప్పేది రాదు అనింది మామా. ఆయప్ప సరే అన్న్యాడు. కానీ రేపు భోజనం దాకా ఆ కుట్లు నిలబడల్ల పాపా" అంది.

ఈద్ రోజు షాపు సెలవు. రిగ్గైలో మా గదిలో ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్నం సహించలేదు. అత్తగారింట్లో విందు నడుస్తూ ఉంటుంది, మేడమ్ కూర్చుంటుంది, లేస్తుంది, వంగుతుంది, నవ్వుతుంది. ఆ నవ్వంటేనే నాకు ఎక్కువ భయం. మధ్యాహ్నం ఎప్పుడో అక్క ఫోన్ చేసింది. "కడుపు నిండా తినింది పాపా. మళ్లీ ఏయించుకోని తినింది. ఒక్క కుట్టు కదల్లా" అంది. ఫోన్ పెట్టేసి, ఉన్నచోటే ఒరిగిపోయాను. గదిలో వాళ్లు భోజనానికి లేపారట, సాయంత్రం టీకి లేపారట, ఒంట్లో బాగాలేదేమోనని నుదురు కూడా తాకి చూశారట. నాకేమీ తెలియదు.

ఇఖామా వచ్చింది. మాస్టారు ఊరికి వెళ్లిపోయాక ఆ బల్ల దగ్గర ఇప్పుడు నేనే నిలబడుతున్నాను. అన్నిసార్లు టేపు వేశాక నేను కత్తిరించినవి సరిపోతాయో లేదోనన్న బెంగ లేదు, సరిపోతాయి. రాత్రి మామూలుగా పడుకుంటాను, మామూలుగా లేస్తాను. ఆ ఈద్ నాడు ఆ తెలివితక్కువ పిల్ల ఒళ్లు తెలియకుండా పోయిన నిద్ర మాత్రం నాకు మళ్లీ పట్టలేదు. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.