మర్హూన్ బిగించని చక్రం

బిదియ్యా ఊరి చివర, ఇసుక మొదలయ్యేచోట, మర్హూన్ మెకానిక్ షెడ్డూ నా టైర్ల షెడ్డూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒకే ఒక్క రేకు గోడ. పద్దెనిమిదేళ్లు ఆయన సుత్తి చప్పుడు వింటూ పనిచేశాను. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాడు లేడు. చెప్పాల్సిన రోజున చెప్పనివాణ్ణి కూడా నేనే.

మర్హూన్ పొట్టి మనిషి. మాట పొదుపు. తను ముట్టుకున్న బండి దారిలో ఆగిందన్న మాట ఆయన ఎప్పుడూ పడలేదు. పడకూడదన్న పట్టుదలే ఆయనకున్న గర్వమంతా.

ఆ ఏడు ఇసుక దిబ్బలెక్కే కుర్రాళ్లకు స్పేసర్ల పిచ్చి పట్టుకుంది. ఇరుసు చివరుండే హబ్బుకీ చక్రానికీ మధ్య రెండంగుళాల అల్యూమినియం బిళ్ళ బిగిస్తే చక్రాలు బయటికి వస్తాయి. బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వానులా కనిపిస్తుంది. మర్హూన్ మాత్రం వాటిని బిగించనని తెగేసి చెప్పాడు. బేరం పక్క వీధికి పోయినా లెక్కచేయలేదు.

ఊరిపెద్ద కొడుకు ద్యాబ్ వేరేచోట స్పేసర్లు బిగించుకుని, ఒక్క చలికాలంలోనే మూడోసారి ముందు చక్రం బేరింగు పోగొట్టుకుని వచ్చాడు. ఆ రోజు నేను గాలి మీటరు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఖర్జూరం బుట్టని ఒంటికి ఆనించుకుని మోస్తే ఒక బరువు, చెయ్యి చాచి మోస్తే ఇంకో బరువు. నీ బేరింగు చెయ్యి చాచి మోస్తోంది నాయనా" అన్నాడు మర్హూన్. "పైగా బిళ్ళ లోపలి నట్లు వదులైతే చక్రం ఊడదీస్తే తప్ప నీకు కనపడవు. వారానికోసారైనా విప్పి చూశావా?"

"మెకానిక్కువా, మంత్రసానివా మామా? అంత భయమైతే గాడిదలకి నాడాలు కొట్టుకో" అని ద్యాబ్ నవ్వాడు.

మర్హూన్ కొత్త బేరింగు వేశాడు. నాలుగు స్పేసర్లూ తీసి, చక్రాలు నేరుగా హబ్బులకే బిగించి, ఆ బిళ్ళల్ని గోనెసంచిలో కట్టి సీటు వెనక పెట్టాడు. మళ్లీ తగిలించుకుంటే నా గుమ్మం తొక్కొద్దని చెప్పాడు. ద్యాబ్ సంచి చూసుకుని వెళ్లిపోయాడు. ఇదంతా నా కళ్లారా చూశాను. నాలుగు టైర్లలోనూ గాలి నింపింది నేనే.

మూడో రోజు శుక్రవారం. దిబ్బ ముప్పావు వంతు ఎక్కాక ద్యాబ్ బండి పక్కకి జారింది. ముందు ఎడమ చక్రం ఊడి, ఎగిరెగిరి కిందికి దొర్లింది. దిబ్బ కింద చాప పరుచుకుని కూర్చున్న రాషిద్ లేవబోయేలోపే కాలి మీద పడింది. రాషిద్ బడి బస్సు డ్రైవరు, మర్హూన్‌కి చిన్ననాటి స్నేహితుడు. కాలు మోకాలి కింద తీసేశారు.

నేను పరిగెత్తుకెళ్లేసరికి చక్రం ఇసుకలో బోర్లా పడి ఉంది. మర్హూన్ తీసి సంచిలో కట్టిన స్పేసరే మళ్లీ దాని వీపుకి బిగించి ఉంది. దాని కన్నాల్లో తెగిన హబ్బు బోల్టుల ముక్కలు కనిపించాయి. సాయంత్రానికి ద్యాబ్ బంధువులు ఆ చక్రాన్ని ఎక్కడికో చేర్చేశారు.

ఊరి పంచాయితీలు జరిగే సబ్లాలో పెద్దలు కూర్చున్నారు. చక్రాలూ స్పేసర్లూ అన్నీ మర్హూన్ మామే బిగించి ఇచ్చాడని ద్యాబ్ చెప్పాడు. మర్హూన్ జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, నా వైపు చూపించాడు.

"నువ్వు పక్క షెడ్డువాడివి. ఏం చూశావు?" అని అడిగారు.

నా షెడ్డు ఉన్న నేల ద్యాబ్ తండ్రిది. ఆయన లారీలన్నిటికీ టైర్లు వేసేది నేను. "పంక్చరు పనిలో ఉన్నానండీ. సరిగా చూడలేదు" అన్నాను.

మర్హూన్ వాదించలేదు. నన్ను తిట్టలేదు. రాషిద్ ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలని, షెడ్డు మూసేయాలని తీర్పు చెప్పారు. చెయ్యని తప్పుకి ఆయన నలుగురి ఎదుటా రాషిద్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాషిద్ ఆయన తల మీద చెయ్యి పెట్టి క్షమించానన్నాడు. వారం తిరక్కుండా మర్హూన్ షెడ్డు రేకులు విప్పేసుకుని, ఆదమ్ అనే ఊళ్లో నీళ్ల ట్యాంకరు నడపడానికి వెళ్లిపోయాడు.

ఏడాది పట్టింది నాకు నోరు పెగలడానికి. ముందు రాషిద్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. అతను చంకకర్ర గోడకి ఆనించి నింపాదిగా విన్నాడు.

"తెలుసు. నా మీదికొచ్చే చక్రాన్ని నేను చూడనా? ఆ బిళ్ళ ఎండకి తళతళలాడుతూనే వచ్చింది. మర్హూన్ చేత్తో అది బిగించడని ఊళ్లో ఎవరికి తెలీదు?"

"మరి మర్హూన్ నీ ముందు మోకాళ్ల మీద కూర్చుంటే ఎందుకూరుకున్నావు?"

"నా మందులు ద్యాబ్ వాళ్లే తెప్పిస్తున్నారు. నా కొడుకు వాళ్ల లారీ మీదే ఉన్నాడు. అయినా నువ్వూరుకోలేదా? నీకు రెండు కాళ్లూ ఉన్నాయి కదా" అన్నాడు రాషిద్.

తర్వాత ఆదమ్ వెళ్లాను. మర్హూన్ ట్యాంకరుకి నీళ్లు పట్టుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. నేను చెప్పింది గొట్టం వైపే చూస్తూ విని, భోజనం చేశావా అని అడిగాడు. తెచ్చుకున్న అన్నం, ఎండు సొరచేప సగం నాకు పెట్టాడు. తినడం అయ్యాక అన్నాడు.

"నాకు చెప్తే నీకు తేలికవుతుంది, అంతే. సబ్లాలో చెప్పు."

చెప్తానని మాటిచ్చి వచ్చాను. రెండేళ్లయింది. ప్రతి వారం సబ్లాకి వెళ్తూనే ఉన్నాను. ద్యాబ్ ఇప్పుడు తండ్రి పక్కనే కూర్చుంటున్నాడు. నా వంతు వచ్చినప్పుడు ఒంటెల ధరల గురించో, రాని వానల గురించో ఓ మాట అనేసి, చెప్పులు తొడుక్కుని వచ్చేస్తున్నాను.